రెండో సంతకం

1830లో అమెరికాలోని యేల్ కాలేజీలో ఒక గొడవ జరిగింది. అప్పటిదాకా అక్కడి పిల్లలు పుస్తకంలో బొమ్మ చూస్తూ నిరూపణ అప్పజెప్పేవాళ్లు. అప్పుడప్పుడే తరగతి గదుల్లోకి నల్లబల్ల వచ్చింది. ఇకమీదట పుస్తకం మూసి, శంకుచ్ఛేదాల బొమ్మలు బల్ల మీద మీరే గీసి చెప్పాలన్నారు. పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం: ఇంటర్‌లో లెక్కలు చదివిన ఎవరికైనా ఈ పేర్లు వింటే ఇప్పటికీ కడుపులో కాస్త తిప్పుతుంది. మేం గీయం, పరీక్ష రాయం అన్నారు పిల్లలు. తరగతిలో ఉన్నది 96 మంది. అందులో 43 మందిని కాలేజీ నుంచి పంపించేశారు. వాళ్ల పేర్లు మిగతా కాలేజీలకు కూడా రాశారు, ఎక్కడా చేర్చుకోకుండా. వాళ్లలో అప్పటి ఉపాధ్యక్షుడు కాల్‌హూన్ కొడుకూ ఉన్నాడు.

అప్పుడు ఆ కాలేజీ పెద్ద జెరెమయ్యా డే. లెక్కల ప్రొఫెసర్, 1814లో బీజగణితం పాఠ్యపుస్తకం రాసినవాడు. 1817లో మతాచార్యుడిగా దీక్ష తీసుకుని, అదే ఏడాది అధ్యక్షుడయ్యాడు. 1846 దాకా ఆయనే.

ఇదంతా నాకెందుకంటే, మా కాలేజీలోనూ ఇలాంటిదే జరిగింది. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. నేనూ, మా క్రోసూరు నుంచే వచ్చిన ఒక స్నేహితుడూ ఒకే సెక్షన్. మూడో ఏడాదిలో ఉన్నట్టుండి ల్యాబ్ పరీక్షలో రికార్డు చూడకూడదన్నారు. రాయొద్దని సెక్షనంతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టాం. మర్నాడు ఇళ్లకు ఫోన్లు వెళ్లాయి. క్షమాపణ పత్రం మీద సంతకం పెడితే లోపలికి, లేకపోతే బయటికి. నేను పెట్టాను. వాడు పెట్టలేదు. ఒక ఏడాది పోయింది, తర్వాత చదువే పోయింది. ఇప్పుడు ఊళ్లో మిరప, పత్తి వేస్తున్నాడు.

పదిహేనేళ్లుగా నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉండేది. నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు, ఆ ఏడు పంట సరిగ్గా లేదు, అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. ఇన్ని కారణాల మధ్య ఆ సంతకం నేను పెట్టానా, నా చేత పెట్టించారా?

విచిత్రం ఏమిటంటే, డే పట్టుకున్న ప్రశ్న కూడా ఇదే. ఆ గొడవ జరిగిన ఎనిమిదేళ్లకు, 1838లో, మనిషి ఇచ్ఛ తనను తానే నిర్ణయించుకోగలదా అని ఏకంగా ఒక పుస్తకం రాశాడు. లేదన్నది ఆయన పక్షం. అంతకు చాలా ముందే, 1754లో, జొనాథన్ ఎడ్వర్డ్స్ ఈ వాదన చేసి ఉన్నాడు. నా ఇచ్ఛను నేనే ఎంచుకున్నానంటే, ఆ ఎంపికకు వెనక ఇంకో ఇచ్ఛ ఉండాలి, దాని వెనక ఇంకోటి. మా భాషలో చెప్పాలంటే బేస్ కేస్ లేని రికర్షన్, ఎక్కడా ఆగదు. కాబట్టి ప్రతి కోరికకూ కారణం ఉంటుంది. అయినా తప్పు తప్పే. ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, అది ఎలాంటిదని చూసి మనిషిని బాధ్యుణ్ణి చేస్తాం.

మొదట ఇది నాకు అన్యాయంగా తోచింది. తర్వాత నా సమాధానాన్ని కాస్త పొడిగించి చూశాను. కారణాలున్నాయి కాబట్టి నా తప్పు లేదంటే, మమ్మల్ని బెదిరించిన మేనేజ్‌మెంట్‌కీ తప్పు లేదు. వాళ్ల భయాలు వాళ్లకున్నాయి. అందరం నిర్దోషులమే, నష్టపోయింది మాత్రం ఒక్కడు. అలాంటి లెక్కలో ఎక్కడో పొరపాటు ఉంది. కాబట్టి డే మాట ఒప్పుకుంటాను: భయం నాకు ఎక్కడి నుంచి వచ్చినా, సంతకం నాదే.

కానీ ఆ మాట ఒప్పుకున్నాక అది డే మీదికి కూడా వెళ్తుంది. నల్లబల్ల నియమం మంచిదే. బొమ్మ తనంతట తాను గీయలేనివాడికి నిరూపణ అర్థమైందని ఎలా అంటాం? మా ల్యాబ్ నియమమూ మంచిదేనని, రోజూ కోడ్ రాసే నాకు ఇప్పుడు తెలుసు. మంచి నియమం పెట్టినంత మాత్రాన ఎంత శిక్షయినా వేయొచ్చా? తప్పు చేసినవాణ్ణి బాధ్యుణ్ణి చేయడం వేరు, ఇంకెక్కడా చదవకుండా తలుపులు మూయడం వేరు. కోరికలన్నీ కారణాల నుంచే పుడతాయని నమ్మేవాడు, రేపు ఆ పిల్లలు మారడానికి పనికొచ్చే కారణాలను ఎందుకు తెంచాలి? ఆ 43 మందిలో ఒకడైన ఆల్‌ఫ్రెడ్ స్టిలే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివి డాక్టరయ్యాడు, తర్వాత అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కే అధ్యక్షుడయ్యాడు. ఒక తలుపు తెరిచి ఉండబట్టి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు వాడు కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఈ డే కథంతా చెప్పాను. చివరికి అడగాల్సింది అడిగాను: "ఆ రోజు నేను కూడా పెట్టకుండా ఉంటే?"

"ఇద్దరం ఇక్కడే ఉండేవాళ్లం" అన్నాడు. కాసేపాగి, "అది కాదురా. ఆ రోజు సంతకం పెట్టొచ్చి నా మొహం చూడకుండా వెళ్లిపోయావు. దానికేం కారణం?"

అప్పు, పంట, అమ్మ ఏడుపు: ఏదీ దానికి సరిపోలేదు. ఇంకో పక్క కాయలు తిరగేయడానికి కూర్చున్నాను.