అందరికీ ‘సరే’

"నాకందరూ సమానమే" అని చెప్పుకోవడం నాకో గొప్ప. జినోమ్ వ్యాలీ వచ్చాక మా లాల్‌గడి మలక్‌పేట్‌లో పొలాలు గజాల లెక్కకెక్కాయి. గట్టు దగ్గర మా పెదనాన్న కొడుకులిద్దరికీ పేచీ వచ్చింది. పెద్దవాడితో "నీదే న్యాయం" అన్నాను. చిన్నవాడితోనూ అదే అన్నాను. తీరా పంచాయితీ రోజున పెద్దవాడు చాయ్ గ్లాసు చేతికివ్వగానే అటు ఒరిగిపోయాను. చిన్నవాడు మాట మానేశాడు.

లెక్కలు చదివే మా మేనల్లుడు ఇది విని నవ్వాడు. పాత ట్యూబు ముక్క మీద నడిమి చుక్క పెట్టి, దాని గుండా గీతలు గీశాడు.

"మామా, దీన్ని తూర్పుపడమరలకు రెండింతలు, ఉత్తరదక్షిణాలకు మూడింతలు సాగదీస్తే దిక్కు మారని గీతలు రెండే. సాగదీతలో ఇసుమంత తేడా వచ్చినా అవి కాస్త ఒరుగుతాయి, అంతే. అన్నివైపులా సమానంగా లాగావనుకో, ఏ గీతా దిక్కు మారదు. కానీ పిసరంత తేడా వస్తే చాలు, ఏది మిగులుతుందో, అసలేదైనా మిగులుతుందో చెప్పలేం!"

ఒరుగుడు తోపును బట్టే కాదు, ఆ రెండింతలకూ మూడింతలకూ మధ్యనున్న ఎడాన్ని బట్టి కూడా ఉంటుందట. ఎడం పెద్దదైతే ఒరుగుడు చిన్నది. ఇలాంటి సాగదీతలకు ఆ హద్దును 1970లో డేవిస్, కహాన్ అనేవారు లెక్కగట్టారట.

నాలో ఆ ఎడమే లేదు. అందరికీ తలూపడాన్ని సమదృష్టి అనుకున్నాను. మీరే చెప్పండి, తేడా తెలిసీ నోరు మెదపనివాడిది సమదృష్టా?

గట్టు చిన్నవాడిదేనని నాకు మొదట్నుంచీ తెలుసు. రేపు ఇద్దరి ముందూ ఆ మాట చెబుతాను. చాయ్ మాత్రం ఇంట్లోనే తాగి వెళ్తాను.