మీటరు లెక్క, పొగ లెక్క

“మా డాబా మీది కరెంటు మాది. పగలంతా ఏసీ వేసుకుంటే ఎవరికి నష్టం?” అంటుంది మా పక్కవీధి ఇల్లాలు. విజయవాడలో రోహిణికార్తె చూసినవాళ్ళెవరూ ఆమెను తప్పుపట్టలేరు. ఆ ఎండల్లో చల్లదనం కోరుకోవడం విలాసమని నేనూ అనను. కానీ ‘ఎవరికి నష్టం’ అన్నారూ, అక్కడే నాకు పేచీ.

వడియాలకీ, మాగాయ ముక్కలకీ ఎండను వాడుకోవడం మనకేం కొత్త కాదు. 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం మొదలయ్యాక కరెంటుకీ వాడుకుంటున్నాం. మూడు కిలోవాట్ల సోలారు పలకలకి కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78,000 రూపాయలు. కిలోవాటుకి నాలుగు యూనిట్లు వేసుకున్నా, రోజుకి పన్నెండు. (ఎండ మరీ మండితే పలకలూ డీలా పడతాయి సుమండీ! వాటికి కావలసింది వెలుతురు, వేడి కాదు.)

మనం వాడగా మిగిలింది తీగల్లోకి పోయి ఎదురింటివాళ్ళ ఫ్యాను తిప్పుతుంది. ఆ మేరకు ఎక్కడో బొగ్గు మండదు. మన దేశంలో యూనిట్టుకి సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. మరి ఖాళీగదిలో ఏసీ తిరిగితే, ఆ యూనిట్టు ఊరికే వచ్చిందని ఎలా అనుకోవడం?

‘ఎక్కడో’ అన్నానే గానీ, ఎంత దూరమని! ఇబ్రహీంపట్నమే. 1979 నుంచీ అక్కడ బొగ్గు మండుతోంది. ఇప్పుడు నార్ల తాతారావుగారి పేరుతో ఉన్న ఆ కేంద్రంలో 2023లో మరో 800 మెగావాట్ల యూనిట్టు చేరింది. పక్కనే బొమ్మలు చేసే కొండపల్లి. చల్లదనం మన పడకగదిలో, బూడిద వాళ్ళ ఊళ్ళో.

ఇక రాత్రి సంగతి. పగలు పన్నెండు ఇచ్చాం, రాత్రి పన్నెండు తీసుకున్నాం, మీటరు చెల్లుకి చెల్లు అంటుంది. అయితే రాత్రి పదింటికి సూర్యుడెక్కడ? సున్నా బిల్లు చేతిలో ఉన్నా, అప్పుడు మనింట్లో తిరిగేది చాలావరకు బొగ్గు కరెంటే. బట్టలమిషనూ, నీళ్ళమోటారూ మధ్యాహ్నానికి జరుపుకోవచ్చు. నిద్రను జరుపుకోలేం కదా!

మా అపార్టుమెంటులో డాబా అందరిదీ. పలకల నీడకి తమ గదులు చల్లబడతాయని పై అంతస్తువాళ్ళు మురిసిపోతున్నారు. కింది వాటాలో అద్దెకున్నావిడ మాత్రం, “మరి నా బిల్లు తగ్గుతుందా అండీ?” అని అడిగింది. సంఘం మీటింగులో దానికింకా జవాబు రాలేదు.