పూర్వపక్షమునకు చేయవలసిన న్యాయము

న్యాయశాస్త్ర పత్రికకు వ్యాసము పంపదలచినవానిని సంపాదకులు మొట్టమొదట కోరునది, వ్రాతప్రతినుండి తన పేరును తొలగింపుమని. పేరు, ఉద్యోగము, ఊరు, కృతజ్ఞతావాక్యములు, ఇవన్నియు వేరొక పుటపై వ్రాసి, వ్యాసమును మాత్రము అనామకముగా సమర్పింపవలెను. పరీక్షించు పండితులకు వ్రాసినదెవరో తెలియదు; వ్రాసినవానికి పరీక్షించినదెవరో తెలియదు. దీనిని కార్యాలయపు పద్ధతిగా మాత్రమే ఎంచువారు కలరు. నాకు మాత్రము ఇందు మన దర్శనములు చిరకాలముగా విచారించుచు వచ్చిన ప్రశ్నయే గోచరించుచున్నది: మనుష్యుడు తన పేరుతోపాటు తన రాగద్వేషములను సైతము ఆ వేరుపుటపై విడిచి రాగలడా?

బొబ్బిలివానికి ఈ ప్రశ్న మఱింత కఠినమైనది. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు ఎదురొడ్డి నేలకూలిన కోట కథను, బొబ్బిలి ప్రభువు రంగారావు మరణమును, తాండ్ర పాపారాయుడు విజయనగర ప్రభువు విజయరామరాజును శిబిరములోనే హతమార్చి పగ తీర్చుకొనుటను ఉగ్గుపాలతో వినినవానికి, విజయనగరపు పక్షమున గూడ చెప్పదగినది కొంత ఉండునేమోయని ఊహించుటకే చాల కాలము పట్టును. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును రచించెను. ఓర్మ్ అను ఆంగ్లేయుడు తన చరిత్రగ్రంథమున ఈ యుద్ధమును వర్ణించెను. ఊరూర కథకులు పాడిరి. ఇన్నిటిని వినిన చెవులు విజయరామరాజు వాదమును ఓపికతో వినలేదు. ఆ చెవులతోనే మన యువకుడు జమీందారీ చట్టములను గూర్చియో, వారసత్వపు వ్యాజ్యములను గూర్చియో వ్రాయుటకు కూర్చుండును. పుటపైనుండి పేరు చెరపుట క్షణములో పని. మనస్సునుండి ఊరు తొలగుట అట్టిది కాదు.

ఒక వ్యాజ్యమును చూతము. 1916లో లండనులోని ప్రీవీ కౌన్సిలు తీర్చిన ఈ వ్యాజ్యమున బొబ్బిలి మహారాజు డిక్రీదారు. విశాఖపట్టణపు జిల్లా కోర్టు డిక్రీనిచ్చి, అమలునకై పార్వతీపురపు మునసబు కోర్టునకు పంపెను. మునసబు కోర్టు తన వద్ద జరిగినదానిని ధ్రువపఱచి జిల్లా కోర్టునకు తెలుపకమునుపే, డిక్రీదారు పక్షమువారు మరల జిల్లా కోర్టులోనే దరఖాస్తు పెట్టిరి. ఆ సమయమున అది తగిన కోర్టు కాదనియు, అట్టి దరఖాస్తు కాలపరిమితిని ఆపజాలదనియు తీర్పు వెలువడెను. మహారాజు ఓడిపోయెను.

దీనిపై వ్యాసము వ్రాయు బొబ్బిలివాడు, ఒక కాగితము తిరిగి రాకపోయినంతమాత్రమున న్యాయమైన బాకీ నశించుట యేమని ఆవేదనపడును. ఆ ఆవేదన తప్పు కాదు. అయినను, డిక్రీ ఒకచోటికి పంపబడిన పిదప ఏ కోర్టు తనపై చర్య తీసికొనునో ఋణగ్రస్తునకు నిశ్చయముగా తెలియవలెనను వాదమును, దానిని చెప్పువాడే మెచ్చునంత బలముగా ముందు నిలుపకున్నచో, ఆ వ్యాసము వకీలు వాదన యగును గాని శాస్త్రము కాదు. మీమాంసకులు అధికరణమునకు విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి యని అయిదు అంగములను చెప్పిరి. ఇందు పూర్వపక్షము సిద్ధాంతమునకు ముందు నిలుచుట కేవలము క్రమము కొఱకు కాదని నా నమ్మిక. ఎదుటివాని మాటకు పూర్ణమైన బలము నిచ్చిన పిదప గాని తన మాట చెప్పుటకు అధికారము రాదని దాని భావము. గౌతముని న్యాయసూత్రములు సత్యము తెలియగోరి చేయు వాదమును గెలుపు కోరి చేయు జల్పమునుండి వేఱుపఱచినదియు ఈ కారణముననే. పత్రికలకు వచ్చు వ్యాసములలో భాషాదోషములవలన తిరిగిపోవునవి కొన్నియే. ఎదుటి వాదమును బలహీనముగా చిత్రించి కూలద్రోయుటచే తిరిగిపోదగినవి అనేకములు.

ఈ విషయమున నన్ను మిక్కిలి కలతపఱచునది మీమాంసకుడైన కుమారిలభట్టు కథ. మాధవీయ శంకరవిజయము చెప్పు ప్రకారము, బౌద్ధమతమును ఖండింపదలచిన కుమారిలుడు దానిని లెస్సగా నెఱుగుటకై వేషము మార్చి బౌద్ధగురువుల చెంత చదివెను. వారివద్ద నేర్చిన విద్యతోనే వారిని జయించెను. పిదప గురుద్రోహము చేసితినను పరితాపముచే ఊకమంటలో తన దేహమును దహించుకొనుటకు పూనెను. ఆ ప్రాయశ్చిత్తమును అనుకరింపుమని ఎవరును చెప్పరు. అయినను, ఎదుటివానివద్ద నేర్చినదానిని నేర్చితినని చెప్పక వానిపైనే ప్రయోగించుట పాపమని ఆ మహాపండితుని అంతరాత్మ ఎఱిగెనని ఈ కథ చెప్పుచున్నది. నేటి రచయితకు ఊకమంట అక్కఱలేదు. పుటకు క్రింద వ్రాయు ఫుట్‌నోటు చాలును. ఆ రెండు పంక్తులనైనను ఎగవేయువారిని తలచినపుడు మనస్సు నొచ్చుచున్నది.

మనుష్యుడు ఋషిఋణముతో పుట్టుననియు, అధ్యయనముచే దానిని తీర్చుకొనవలెననియు శ్రుతి చెప్పినది. పదమూడవ శతాబ్దిలో కేతన కవి విజ్ఞానేశ్వరుని ధర్మశాస్త్రవ్యాఖ్యయగు మితాక్షరను తెలుగు పద్యములలోనికి తెచ్చినపుడు, తన గ్రంథమునకు విజ్ఞానేశ్వరీయమను పేరిడెను. ఎవరికి ఋణపడెనో గ్రంథముఖముననే ప్రకటించెను. డిక్రీ బాకీకి కాలదోషము పట్టవచ్చును. అప్పుడును చట్టము వసూలు మార్గమును మూయును గాని, ధర్మమును పూర్ణముగా చంపదు. కాలదోషము పట్టిన బాకీని తీర్చెదనని సంతకముతో వ్రాసియిచ్చిన వాగ్దానము చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. ఋషిఋణమునకు ఆ దోషము సైతము లేదు. తొమ్మిది వందల యేండ్లనాటి వ్యాఖ్యాత మాటయైనను, నిన్నటి సహాధ్యాయి మాటయైనను, వాడుకొనినచో చెప్పియే తీరవలెను.

కావుననే పత్రికల చిన్న నియమములను చిన్నచూపు చూడరాదని నా అభిప్రాయము. పైన చెప్పిన వ్యాజ్యము ఇండియన్ అప్పీల్స్ 43వ సంపుటమున 238వ పుటలో ఉన్నది. ప్రతివాది పేరు తరువాతి పుస్తకములలో పలు విధములుగా అచ్చయి, ఒకచోట పదములు కలిసిపోయి, మఱియొకచోట అక్షరములే మారిపోయి కనిపించును. ఒకరి పుస్తకమునుండి మఱియొకరు మూలము చూడకయే ఎత్తి వ్రాసిన ఫలమిది. మన ప్రాంతపు మనుష్యుని పేరును సరిగా వ్రాయగలవారు మనముగాక మఱెవరు? మూలసంపుటమును తెఱచి, పుటను సరిచూచి, పత్రిక కోరిన ఉల్లేఖనపద్ధతిలో ఆద్యంతము ఒకే తీరున వ్రాయుట తాళపత్రముల కాలమున ప్రతులను సరిపోల్చిన లేఖకుల నిష్ఠకు తగిన వారసత్వము.

ఒకే వ్యాసమును ఒకే కాలమున రెండు పత్రికలకు పంపరాదను నియమమును మన దేశపు పత్రికలు సాధారణముగా పాటించును. అమెరికాలోని విద్యార్థులు నడుపు పత్రికలు దానిని పట్టింపవు. ఇచ్చట మొదటి పత్రిక అవుననియో కాదనియో చెప్పువఱకు, లేదా మనమే వ్రాసి వ్యాసమును వెనుకకు తీసికొనువఱకు, రెండవ గుమ్మము త్రొక్కరాదు. పార్వతీపురమునుండి ఉత్తరము రాకమునుపే విశాఖకు పరుగిడిన డిక్రీదారు గతిని తలచుకొనినచో ఇది సులభముగానే బోధపడును. నెలల కొలది నిరీక్షణ కష్టమే. ఎవరో తెలియని పండితుడు మన పుటల కొఱకు, చాలచోట్ల ప్రతిఫలమే లేక, తన వేళను వెచ్చించుచున్నాడను ఎఱుక ఆ కష్టమును భరింపజేయును.

1891లో మద్రాసున వకీళ్లు మద్రాసు లా జర్నలును నెలకొల్పినపుడు మనవారు అంత దూరము పోవలసియుండెను. ఇప్పుడు విశాఖపట్టణముననే ఆంధ్ర విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలయు, 2008లో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయవిశ్వవిద్యాలయమును కలవు. బొబ్బిలి, పార్వతీపురము కోర్టులలో వృత్తి చేయుచున్న యువ న్యాయవాదులారా, 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము మీ గ్రామములలో ఎట్లు అమలైనదో, చెఱువుల హక్కులు, ఈనాము భూములు ఏమైనవో చెప్పు దస్తావేజులను చదువగలవారు మీరు. వ్రాయుడు. వ్రాసిన పిదప పూర్వపక్షభాగమును మాత్రము మీకెదురుగా వాదించు వకీలుకు చదివి వినిపింపుడు. ‘నా వాదము ఇదియే, ఇంతకంటె నేనును బాగుగా చెప్పలేను’ అని ఆయన ఒప్పుకొనిన నాడు మీ పేరు తీసివేసి, వ్యాసమును పత్రికకు పంపుడు.