దానమిచ్చే హక్కు
మాసబ్ ట్యాంక్‌లో చెరువు పోయింది. మా సాహెబా హయత్ బక్షీ బేగం పేరు మిగిలింది. పాత హార్డ్‌డిస్కులో జరిగేది దీనికి విపర్యయం. ఫైలు చెరిపితే పేరే పోతుంది. పైన మరో రాత పడేదాకా సరుకు అక్కడే ఉంటుంది.

కనుక వాడిన కంప్యూటర్‌ను బడికి దానమివ్వదలచిన నావంటి ఉపన్యాసకుడు తానేమి ఇస్తున్నాడో విచారించుకోవలసి ఉన్నది. అందులో స్కాలర్‌షిప్పుకోసం విద్యార్థులు పంపిన కుల, ఆదాయ ధ్రువపత్రాలున్నాయి, ఆధార్ నకళ్ళున్నాయి. పేదరికాన్ని రుజువు చేసుకోవడానికి పేదవాడు అప్పగించిన బతుకది. గోప్యత ప్రాథమికహక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ హక్కు ధనికునికెంతో వానికీ అంతే.

యంత్రం నాది, అందులోని బతుకులు నావి కావు. డిస్కంతా తిరగరాసి తుడవడానికి కొన్ని గంటలు చాలు. ఆ శ్రమపడకుండా చేసే దానం పరుల సొమ్ము పంచిపెట్టడమే.