హోబాబుకు రెండో పిలుపు

శుక్రవారం ఉదయ ధ్యానం
చదువవలసిన భాగాలు: సంఖ్యాకాండము 10:29–36, న్యాయాధిపతులు 4:11–22

సీనాయి కొండ దగ్గర ఇంచుమించు ఏడాది పాటు బస చేసిన ఇశ్రాయేలీయులు గుడారాలు విప్పుకొని బయలుదేరబోతున్నారు. ఆ హడావుడిలో మోషే తన అత్తవారి వైపు మనిషి హోబాబుతో మాట్లాడాడు. హోబాబు మిద్యానీయుడు, ఎడారి ఆనుపానులు తెలిసినవాడు. మాతో రా, దేవుడు మాకు చేస్తానన్న మేలులో నీకూ పాలు ఉంటుంది అని మోషే పిలిచాడు. హోబాబు నాన్చలేదు. రానన్నాడు. తన దేశానికి, తనవాళ్ల దగ్గరికి పోతానన్నాడు.

మన పిలుపు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది. ఇక్కడ బహ్రెయిన్‌లో, సల్మాబాద్ క్యాంపులో పై మంచం మీద పడుకొనే తమ్ముడితోనో, గుదైబియాలో మనతో బెడ్‌స్పేస్ పంచుకొనే అన్నతోనో ఏదో ఒక గురువారం రాత్రి అంటాం: "రేపు మా చర్చికి రారాదూ, దీవెన పొందుతావు." అతను ఓవర్‌టైం ఉందంటాడు. బట్టలు ఉతుక్కోవాలంటాడు. ఇంటికి వీడియో కాల్ చేయాలంటాడు. అవన్నీ నిజాలే. వారానికి చాలామందికి దొరికేది ఆ ఒక్క శుక్రవారం. ఆదివారం ఇక్కడ పనిదినం. మళ్లీ అడగాలంటే మనకూ మొహమాటం. పిలవాల్సింది పిలిచాం, రాకపోతే మనమేం చేస్తాం అని ఊరుకుంటాం.

మోషే ఊరుకోలేదు. అలాగని పాత మాటే గొంతు పెంచి చెప్పలేదు. రెండోసారి అడిగినప్పుడు దీవెన సంగతి ముందు ఎత్తనేలేదు. మమ్మల్ని విడిచి పోవద్దన్నాడు. ఈ అరణ్యంలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, నువ్వుంటే మాకు కళ్లున్నట్టే అన్నాడు. మేలు మాట ఆ తర్వాతే వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. దారి చూపడానికి మేఘం ఉంది కదా! మందసం ముందు నడుస్తోంది. అంత నడిపింపు ఉన్న నాయకుడికి ఒక మిద్యానీయుడి కళ్లతో పనేమిటి? వ్యాఖ్యానకర్తల్లో కొందరు దీన్ని మోషే విశ్వాసంలో లోపంగానే లెక్కగట్టారు. నాకు అలా తోచదు. ఎక్కడ ఆగాలో మేఘం చూపిస్తుంది. ఆగిన చోట గాలి ఏ వైపు నుంచి కొడుతుందో, ఏ తుప్ప మేకలకు పనికొస్తుందో, ఏ చెలమలో నీళ్లు తాగడానికి పనికిరావో ఆ నేల మీద బతికినవాడికి తెలుస్తుంది. దేవుడు నడిపిస్తున్నాడు గనుక ఇక ఎవరి సాయమూ అక్కర్లేదని మోషే అనుకోలేదు. సాయం కావాలన్న మాట దాచుకోనూ లేదు. తన సంఘానికి ఏమి తక్కువో బయటివాడి ముందు ఒప్పుకొని మరీ పిలిచాడు.

మనం చేయనిది అదే. మన చర్చి గురించి చెప్పమంటే పాటలు బాగుంటాయంటాం, వాక్యం బలంగా ఉంటుందంటాం, పాస్టరుగారి ప్రార్థనకు జవాబులు వస్తాయంటాం. నిండుగా ఉన్నదాన్ని చూపించి రమ్మంటాం. నిండుగా ఉన్నచోట తనకేం పని అని అతను అనుకుంటే తప్పెవరిది?

బహ్రెయిన్‌లో దిగిన రోజు నుంచి మనిషి ఏమవుతాడో ఆలోచించండి. కంపెనీకి అతను షట్టరింగ్ కార్పెంటరు, హెల్పరు, డ్రైవరు. ఎక్కడికి వెళ్లినా అడిగేది సీపీఆర్ గుర్తింపు కార్డు. ఊళ్లో ఇంటివాళ్లకు, వాళ్లు ఎంత ప్రేమగలవాళ్లైనా, నెల మొదట్లో వచ్చే దీనార్ల లెక్క. ఆ ఊళ్లో అతను డప్పు కొట్టి పెళ్లిళ్లను ఉర్రూతలూగించాడేమో, పంచాయితీల్లో తగువులు తీర్చాడేమో, పదిమందికి వండి పెట్టిన చెయ్యేమో. ఇక్కడ ఆ సంగతి అడిగేవాడు లేడు. అలాంటివాడితో "నువ్వు మాకు కావాలి" అని సంఘం తప్ప ఇంకెవరు అంటారు? "అన్నా, మాకు డోలక్ వాయించేవాడు లేడు" అనండి. "కొత్తగా వచ్చిన పిల్లలకు బస్సు దారులు చెప్పేవాళ్లు లేరు, నువ్వు పదేళ్లుగా ఇక్కడున్నావు" అనండి. "సల్మానియా ఆస్పత్రిలో మనవాడొకడు పడి ఉన్నాడు, నీకు అరబీ వచ్చు కదా, నాతో వస్తావా" అనండి. ఆ చివరి పిలుపుకు శుక్రవారం దాకా ఆగక్కర్లేదు కూడా.

తెలుగు సంఘ చరిత్రలోనే ఒక హోబాబు ఉన్నాడు. 1866లో ఒంగోలుకు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరకు ఆ పల్లెల దారులు తెలియవు, అక్కడి ప్రజల మనసు అంతకన్నా తెలియదు. యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ సువార్త విన్నాడు. తిరిగొచ్చి తాళ్లకొండపాడులో తనవాళ్లకు తానే చెప్పాడు. 1867 జనవరి ఒకటిన ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో సభ్యులు 8 మంది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్తే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర వెళ్లేసరికే అక్కడ చెవులు సిద్ధంగా ఉన్నాయి, ఎందుకంటే ముందుగా మాట్లాడినవాడు వాళ్ల మనిషి. ఊరు బయట పెట్టినవాడి కళ్లతోనే ఆ మిషను ఆ సీమను చూసింది. మన సంఘాల్లో వేదిక మీద ఎవరు కూర్చుంటున్నారో చూసినప్పుడల్లా నాకు పేరయ్య గుర్తొస్తాడు.

మనం ఉంటున్న ఈ బహ్రెయిన్ ద్వీపంలోనూ సంఘం మనతో మొదలు కాలేదు. ముహర్రక్‌లోని సమాహీజ్ గ్రామంలో, శ్మశానం నడుమ ఉన్న దిబ్బను తవ్వితే పాత మసీదు శిథిలాల కింద ఒక క్రైస్తవ కట్టడం బయటపడింది. బహ్రెయిన్ పురావస్తు శాఖవారు, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవారు కలిసి చేసిన తవ్వకాల ఫలితం అది, 2024లో లోకానికి చెప్పారు. నాలుగో శతాబ్దం మధ్య నుంచి ఎనిమిదో శతాబ్దం మధ్య దాకా అక్కడ మనుషులు ఉన్నారు. ఎనిమిది గదులు. గచ్చుతో చేసిన మూడు సిలువలు దొరికాయి. అయితే నన్ను పట్టుకున్నవి సిలువలు కావు, మిగతా సామాను. ఒక వంటగది, ఒక భోజనశాల, ఒక పనిగది. నూలు వడికే కదురు బిళ్లలు, రాగి సూదులు, తిన్న చేపల ఎముకలు. పగిలిన కుండ పెంకుల్లో భారతదేశం నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి. అక్కడ ఏ ప్రసంగాలు చెప్పారో మట్టిలో దొరకదు. ఎవరో వండారు, ఎవరో కుట్టారు, ఎవరో సముద్రం దాటి సరుకు తెచ్చారు, అందరూ ఒకచోట కూర్చుని తిన్నారు. పదమూడు వందల ఏళ్ల తర్వాత సాక్ష్యం పలుకుతున్నవి ఆ చేతి పనులే.

ఆధునిక కాలానికి వస్తే, మిషనరీ శామ్యూల్ జ్వెమర్ 1892లో ఇక్కడ అడుగుపెట్టాడు. ఆయన మిషను బడి పెట్టింది, 1903లో ఆస్పత్రి తెరిచింది, 1906 నాటికి చర్చి కట్టింది. 1939లో మనామాలోని సేక్రెడ్ హార్ట్ చర్చికి స్థలం ఇచ్చినవాడు ఈ దేశపు పాలకుడు. 2021 డిసెంబరులో అవాలీలో ప్రతిష్ఠించిన పెద్ద కేథడ్రల్‌కు నేల ఇచ్చింది కూడా రాజుగారే. శుక్రవారాల్లో వేర్వేరు భాషల వాళ్లు వంతులు వేసుకొని ఒకే ప్రాంగణంలో ఆరాధిస్తున్నారంటే దాని వెనక ఈ నేల చేసిన ఆతిథ్యం ఉంది. కాబట్టి మన పిలుపులో మర్యాద ఉండాలి. వేరే విశ్వాసం గల గదివాడు వద్దంటే వద్దు. మరుసటి పొద్దున అతనికి ఖుబూస్, చాయ్ తేవడం మాత్రం మానకూడదు. మోషే రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగినట్టు గ్రంథంలో లేదు.

ఇంకో సంగతి కటువుగానే చెప్పాలి. వేరే తెలుగు సంఘానికి నమ్మకంగా వెళ్తున్నవాణ్ణి మన వైపు లాక్కోవడం సంఘం విలువ చాటడం కాదు, పక్కింటి కోడిని మన గంప కింద మూయడం. వీసా పని చూసిపెడతామనో, అప్పు తీరిపోతుందనో ఆశపెట్టి రప్పించడం అంతకన్నా హీనం. మోషే హోబాబుకు అరణ్యాన్ని అరణ్యమనే చెప్పాడు.

"మా సంఘంలోనే గొడవలు, ఏ ముఖంతో పిలవమంటారు?" అని అడిగేవాళ్లున్నారు. తరువాతి అధ్యాయం తీయండి. మూడు రోజుల ప్రయాణం అయిందో లేదో జనం సణగడం మొదలుపెట్టారు. ఆ వెంటనే మాంసం కోసం ఏడుపు, ఐగుప్తు దోసకాయల మీద బెంగ. హోబాబును పిలిచింది ఆ గుంపులోకే. సణగని సంఘం తయారయ్యాక పిలుద్దామని మోషే కాచుక్కూర్చుని ఉంటే నలభై ఏళ్లూ గడిచిపోయేవి.

రాలేనివాళ్ల మాటేమిటి? గోదావరి జిల్లాల నుంచో కడప వైపు నుంచో వచ్చి ఇళ్లలో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లలో కొందరికి శుక్రవారమంటే వచ్చే చుట్టాలకు వండి వడ్డించే రోజు. గేటు దాటే వీలుండదు. అలాంటి చెల్లిని "ఆరాధనకు రావేమమ్మా" అని అడగడం పుండు మీద కారం చల్లడమే. ఆమెకు కూడా మోషే రెండో మాటే సరిపోతుంది. రాత్రి పని ముగిశాక ఫోనులో పది నిమిషాలు దొరికితే, ముందు ఆమె బాధ వినండి. తర్వాత సంఘపు ప్రార్థన అంశాలు రెండు ఆమె చేతిలో పెట్టండి. "ఈ వారం వీళ్ల భారం నీది" అనండి. పక్క విల్లాలో కొత్తగా దిగిన పిల్లకు జీతం అందడం లేదనో, తిండి సరిగా లేదనో ముందుగా తెలిసేది ఆమెకే. మైకు ముందు నిలబడ్డ మనకు తెలియదు. సంఘానికి ఆ వీధిలో ఉన్న కళ్లు ఆమెవి.

హోబాబు చివరికి ఏమన్నాడు? సంఖ్యాకాండం చెప్పదు. ప్రయాణం సాగిందని మాత్రం రాసి ఉంది. అయితే న్యాయాధిపతుల గ్రంథం తెరిస్తే ఆయన సంతతివారు ఇశ్రాయేలు నడుమ గుడారాలు వేసుకొని కనిపిస్తారు. వాళ్లలో కేనీయుడైన హెబెరు ఒకడు. తొమ్మిది వందల ఇనుప రథాల సేనాధిపతి సీసెరా ఓడి పారిపోతూ దూరింది ఆ హెబెరు గుడారంలోనే. ఇరవై ఏళ్లుగా జనాన్ని నలిపిన పీడ హెబెరు భార్య యాయేలు చేతిలో అక్కడ తెగిపోయింది. పేరుమోసిన గోత్రాలు కొన్ని ఇంటిపట్టునే కూర్చున్న ఆ యుద్ధంలో, పని పూర్తి చేసింది ఒకప్పుడు "మాతో రా" అనిపించుకున్నవాడి ఇంటి కోడలు.

ప్రార్థన: ప్రభువా, మా సంఘంలో ఏమి తక్కువో మాకు చూపించు. అది ఎవరి దగ్గర ఉందో కూడా చూపించు. సిత్రాలో, హిద్‌లో, సల్మాబాద్‌లో ఈ పొద్దున పడుకొని ఉన్న మా గదివాళ్లను పేరుపేరున నీ ముందు తలుచుకుంటున్నాం. వాళ్లను అడగడానికి మాకు నోరు ఇవ్వు, కాదంటే నొచ్చుకోని మనసు ఇవ్వు. వచ్చినవాళ్లకు వెనక కుర్చీ చూపించి మరిచిపోకుండా చేతికి పని అప్పగించే బుద్ధి మా పెద్దలకు దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.