తట్ట మట్టి

పదకొండో రోజు భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటూ ఒక పెద్దాయన అన్నాడు: “మీ అమ్మకేమమ్మా, చేసిన సేవంతా స్వామి దగ్గర జమయి ఉంటుంది.” ఓదార్చడానికే అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. కానీ ఆకులు ఎత్తుతున్నంతసేపూ ఆ ‘జమ’ అనే మాట నాకు గుచ్చుకుంటూనే ఉంది. అమ్మతో నేను ఏళ్ళ తరబడి వాదించింది ఆ మాట మీదే.

అమ్మ 1943లో చిత్తూరు జిల్లాలో పుట్టి, 2024లో తిరుపతి జిల్లాలో పోయింది. పుట్టిన వీధికీ పోయిన వీధికీ మధ్య అరమైలు కూడా లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా పేరు మారింది, అంతే. టైపు లోయరు, హయ్యరు, షార్ట్‌హ్యాండు పాసై 1964లో ఒక ప్రభుత్వాఫీసులో స్టెనోగా చేరింది. 2001లో యాభై ఎనిమిదేళ్ళు నిండి రిటైరయ్యేదాకా ఎందరో ఆఫీసర్ల మాటలు ఆమె వేళ్ళ మీదుగానే కాగితమెక్కాయి.

చిన్నప్పుడు సెలవుల్లో నన్ను ఆఫీసుకు తీసుకుపోయేది. ఒక తెల్లకాగితం, నాలుగు పల్చటి కాగితాలు, మధ్యలో కార్బన్లు పెట్టి, అంచులు బల్ల మీద తట్టి సమానం చేసి, మిషన్లోకి ఎక్కించేది. ఒక్క అక్షరం తప్పు పడిందంటే ఐదు కాగితాల్నీ విడివిడిగా ఎత్తి, ఒక్కోదాన్నీ రబ్బరుతో రుద్ది, పొడి ఊది, మళ్ళీ అక్కడికే తెచ్చి కొట్టాలి. గట్టిగా రుద్దితే పల్చటి కాగితానికి చిల్లు పడుతుంది, మెల్లగా రుద్దితే మరక పోదు. ఎంత రుద్దాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఇంటికొచ్చి సబ్బుతో తోముకున్నా గోళ్ళ సందుల్లో నీలం మిగిలేది. ఆ చేత్తోనే సంగటి కెలికి, ముద్ద చేసి, ఊరిబిండి వేసి పెట్టేది. ఉత్తరం కింద సంతకం ఆఫీసరుది. ‘తమ విధేయుడు’ అని పైవాళ్ళకు రాసుకునేది కూడా ఆయనే. కొట్టిన మనిషి ఆ కాగితంలో ఎక్కడా కనబడదు.

నాన్న మంచాన పడ్డ ఆరేళ్ళూ ఆఫీసుకు ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆయనకు ఒళ్ళు తుడిచేది. ఆ ఏళ్ళ గురించి ఆమె ఎక్కువ మాట్లాడలేదు, నేనూ మాట్లాడను.

తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో శ్రీవారి సేవ మొదలుపెట్టింది. అమ్మ రిటైరైన మరుసటి ఏడాదే మా వీధి ఆడవాళ్ళను జట్టుగా కూడగట్టి కొండకు బయలుదేరింది. సేవకుల చీర, జాకెట్టు, మెడలో కండువా. వారం రోజులు అక్కడే నిద్ర, అక్కడే తిండి. అన్నప్రసాదం దగ్గర కూరగాయలు తరగడం, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో పసిబిడ్డలకు పాలు అందించడం, ఎటు పోవాలో తెలియని ముసలివాళ్ళకు దారి చూపడం. 1985 ఏప్రిల్‌లో రోజుకు రెండు వేల మందితో మొదలైన అన్నదానం అది. ఇప్పుడు అక్కడ అంతమంది తిని లేవడానికి ఎంతసేపూ పట్టదు. ఆ అన్నప్రసాద భవనానికి మా పాత చిత్తూరు జిల్లా ఆడమనిషి పేరే పెట్టారు, తరిగొండ వెంగమాంబ పేరు. అమ్మకు అదంటే గర్వం. ఏకాంత సేవలో ఈనాటికీ వెంగమాంబ ముత్యాల హారతి ఉందని కొత్తగా వచ్చిన సేవకులందరికీ చెప్పేది.

అయితే సేవకులకు వారం చివర ప్రత్యేకంగా దర్శనం ఉంటుంది. నేను అక్కడే పట్టుకునేదాన్ని. “ఆఫీసులో చేసినదానికి జీతమిచ్చిరి. కొండమీద చేసినదానికి దర్శనమిస్తా ఉండారు. ఇంట్లో చేసినదానికి మేమెవరమూ ఏమీ ఇయ్యలేదు. మరి ఇందులో సేవ ఏదిమా?”

“మూడు యాడుండాయి మే, పొద్దున లేచిందగ్గర్నుంచి ఒకటే పనైతే” అనేది.

నేను ఒప్పుకునేదాన్ని కాను. రామానుజుల సంప్రదాయంలో జీవుడు శేషుడు, నారాయణుడు శేషి. ఆయనకు చెందినవాడై ఉండడమే జీవుడి స్వరూపం, కైంకర్యం అందులోంచి పుట్టేదే తప్ప కూలీ కాదు అంటారు. భగవంతుడికి చేసే కైంకర్యం కన్నా భక్తులకు చేసేది గొప్పదని కూడా అంటారు. మధురకవి ఆళ్వారు దేవుణ్ణి పక్కనపెట్టి తన గురువు నమ్మాళ్వారునే పాడి ఆళ్వారయ్యాడు. వినడానికి నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ‘నువ్వు నీకోసం పుట్టలేదు’ అనే ఆ మాటే మా ఇళ్ళలో ఆడదానికి చెబితే వెట్టి అవుతుంది. ఐదు దాటాక డిక్టేషన్ మొదలుపెట్టే ఆఫీసరుకు, మంచినీళ్ళు కూడా తానుగా ముంచుకోని మగపిల్లవాడికి, ఆ సిద్ధాంతం భలే సౌకర్యంగా ఉంటుంది. స్వామికి శేషమైనవాడు మనుషుల్లో ఎవడికీ బానిస కాడని కదా దాని అసలు అర్థం! ఆ సగాన్ని మాకు ఎవరూ చెప్పలేదు. ఇది ఇప్పటికీ నా మాట. అమ్మ పోయిందని వెనక్కి తీసుకోను.

మా వాదన ఎప్పుడూ అనంతాళ్వారు దగ్గరికొచ్చి ఆగేది. ఆ చలిలో, ఆ అడవిలో స్వామికి పూలకైంకర్యం చేయడానికి ఎవరు పోతారని రామానుజులు అడిగితే నేను పోతానని లేచిన శిష్యుడు. తిరుమలలో పూలతోట వేశాడు. తోటకు నీళ్ళకని చెరువు తవ్వాడు. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య తట్టతో మట్టి మోసి పోసేది. ఒక పిల్లవాడు వచ్చి సాయం చేస్తానంటే ఆళ్వారు వద్దన్నాడు. ఇది మా కైంకర్యం, పాలు పంచం అన్నాడు. పిల్లవాడు ఆయనకు కనబడకుండా మలుపులో నిలబడి ఆమె చేతిలో తట్ట అందుకుని తానే పోసి వచ్చాడు. భార్య మరీ తొందరగా తిరిగి వస్తోందని ఆళ్వారుకు అనుమానమొచ్చింది. కనిపెట్టి, కోపంతో గునపం విసిరాడు. అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. గుళ్ళో చూస్తే మూలవిరాట్టు గడ్డం నుంచి రక్తం. అందుకే స్వామి గడ్డానికి పచ్చకర్పూరం. ఆ గునపాన్ని మహాద్వారం లోపల కుడిపక్క గోడకు వేలాడదీశారు. జనం తోపులాటలో తలెత్తి చూసేవాళ్ళు తక్కువ.

కథ వినేవాళ్ళంతా గునపాన్ని, గడ్డాన్ని గుర్తుపెట్టుకుంటారు. నేను ఆ ఇల్లాలి గురించి అడిగేదాన్ని. మా ఇంట్లో ఎవరు ఈ కథ చెప్పినా ఆమె పేరు చెప్పలేదు. మొక్కు ఆయనది, మోత ఆమెది.

ఒకసారి కరివేపాకు దూస్తూ అమ్మ ఈ కథకు వేరే అర్థం చెప్పింది. “ఆళ్వారు లెక్క చూసుకున్యాడు మే. పుణ్యంలో పాలు పోతుందని భయపడినాడు. ఆయమ్మ ఏ లెక్కా చూడలేదు. అలిసిపోయింది, బిడ్డ చేయి చాపినాడు, తట్ట ఇచ్చేసింది. స్వామిని ముందు ముట్టుకునింది ఎవురు మరి?”

ఆ మాట నన్ను ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. సేవ చేయడం గురించి మన దగ్గర ఎన్ని ప్రవచనాలున్నాయో! తట్ట ఇచ్చేయడం గురించి ఎవరు చెబుతారు? ఎప్పుడూ ఇచ్చేవాడికి ఒక ఎత్తు ఉంటుంది. నేను ఎవరికీ బాకీ లేను, నాకే అందరూ బాకీ అనే ఎత్తు. జీతం వదులుకున్నవాడు, మెప్పు వదులుకున్నవాడు కూడా ఆ ఎత్తు దిగడానికి ఇష్టపడడు. ఫలం వదులుకోమని గీత చెప్పిందంటే ఆ చివరి ఫలం కూడా అందులోకి వస్తుందని నేననుకుంటాను.

కరివేపాకు దూస్తూ చెప్పినంత సులువుగా అమ్మ కూడా దాన్ని చేయలేకపోయింది. వయసు మీరి కొండమీది సేవ ఆగిపోయాక ఆమె చాలా కుంగిపోయింది. వీధిలో ఎవరింట్లో పురుడైనా, జ్వరమైనా క్యారియరు పట్టుకుని పోయేది. మోకాళ్ళు అరిగి అదీ ఆగింది. చివరి ఏడాదిన్నర నేనే స్నానం చేయించాను. బాత్రూములో ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టి, వీపు రుద్దుతుంటే, “రెండు బకెట్లు మోసినావు ఈ పూట” అనేది. మరుసటి రోజు, “నిన్న నీకు స్కూలుకు లేటయ్యింది నావల్ల” అనేది. “నీ రుణం ఎట్ల తీర్చుకుందునో” అని నా చేయి పట్టుకుని ఏడ్చేది. ఎనభై ఏళ్ళు మోసిన మనిషికి మోయించుకోవడం తెలియలేదు. “నువ్వు నాకు ఎన్ని బకెట్లు పోసినావుమా” అంటే ఆ లెక్క ఆమెకు పట్టేది కాదు. తను చేసింది లెక్కలోకి రాదు, తనకు చేసింది మాత్రం ప్రతి చెంబూ పద్దే. నాకు కోపం వచ్చేది. కోపంలో నీళ్ళు కాస్త గట్టిగా పోసిన రోజులూ ఉన్నాయి.

ధనుర్మాసంలో ఒక పొద్దున, నీళ్ళు కాచి, పిలిచి, ఎప్పటిలాగే వచ్చే మాటల కోసం ఎదురుచూస్తున్నాను. ఏమీ అనలేదు. వీపు రుద్దాను, తల తుడిచాను, దగ్గరే ఉంచిన కుంకుమ పెట్టబోతే మొహం కాస్త ముందుకు చాపింది. నైటీ విప్పి పట్టుకుని తల మీదుగా వేయబోయాను.

చిన్నప్పుడు గౌను వేస్తుంటే నేనెట్లా ఎత్తేదాన్నో అట్లా, అడక్కుండానే, రెండు చేతులూ పైకెత్తింది.