పని మాన్పించుము, సహోదరుని విడువకుము

ధ్యాన భాగము: 2 రాజులు 12:4–16



వర్షాకాలమునకు ముందు మా పెంకుటింటి కప్పు బాగుచేయుటకు ఒక మేస్త్రికి 20,000 రూపాయలు బయానా ఇచ్చితిని. అతడు మన సంఘస్థుడే. నాలుగు దినములు పనిచేసి, పడమటి వాలు పెంకులు దింపి వెళ్లిపోయెను. “రేపు వచ్చెదను అయ్యగారూ” అనుచు ఆరు వారములు గడిపెను. మొదటి వాన కురిసిన రాత్రి పిల్లలతో బరకము క్రింద కూర్చుంటిమి. ఆ రాత్రి నా నోట ప్రార్థన రాలేదు. అతనిని గూర్చిన కఠినమైన మాటలే వచ్చెను. రాబోవు ఆదివారము ప్రభువు బల్లయొద్ద అతని చేతికి రొట్టె ఎట్లు ఇయ్యగలను?

అప్పుడు యోవాషు రాజు సంగతి నాకు జ్ఞాపకము వచ్చెను. మందిరము బాగుచేయుమని రాజు యాజకులకు సొమ్ము అప్పగించెను. ఆయన యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను బీటలు బీటలుగానే యుండెను. రాజు వారిని పిలిపించి ముఖాముఖిగా కారణమడిగి, ఇక సొమ్ము తీసికొనవద్దనెను. వారును ఒప్పుకొనిరి. కానుకలు ఒక పెట్టెలో వేయించి, ఆ సొమ్ము వడ్రంగులకును తాపీ పనివారికిని ఇప్పించిరి. అయినను యాజకులకు న్యాయముగా చెందిన అర్పణల సొమ్ము వారికే విడువబడెను. ఆ పెట్టెను సిద్ధపరచినవాడు యాజకుడైన యెహోయాదాయే. పని తీసివేయబడెను గాని మనుష్యుడు త్రోసివేయబడలేదు.

ప్రియులారా, ఓర్పు వేరు, ఉపేక్ష వేరు. మాట తప్పువానిని ఊరకుండనిచ్చుట ప్రేమ కాదు. అయితే రచ్చబండయొద్ద అతని పరువు తీయుట న్యాయమును కాదు. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన మార్గమున మొదట ఒంటరిగా అతని యింటికి వెళ్లితిని. అతడు తల వంచుకొని, “మీ బయానాతో పాత బాకీ తీర్చితిని, ఇంకొకరి బయానాతో మీ పని చేయవలెననుకొంటిని” అనెను.

మరునాడు ఇద్దరు పెద్దల యెదుట లెక్క చూచితిమి. జరిగిన పని విలువ 12,000. అతని కూలీలిద్దరికి రెండేసి దినముల కూలి, 2,400 రూపాయలు, ముట్టలేదు. అది నా బాధ్యత కాదని మనస్సు చెప్పెను. కాని కూలి తెల్లవారువరకు నిలువ ఉంచరాదని లేవీయకాండము 19:13 చెప్పుచున్నది. కనుక వారి చేతికే ఇచ్చి, లెక్కలో చేర్చితిని. అతడు 10,400 రూపాయలు నాలుగు విడతలుగా ఇచ్చునట్లును, ఒప్పందము అంతటితో ముగిసినట్లును కాగితము వ్రాసి సంతకములు చేసితిమి. ముందే కాగితము వ్రాయక, పనిని బట్టి గాక ఒక్కసారే సొమ్ము ఇచ్చుట నా తప్పు. దానిని నేనును ఒప్పుకొంటిని.

కప్పు మరియొక మేస్త్రి వేసెను. ఆదివారము మొదటివాడు బల్లయొద్దకు వచ్చెను. నా చేయి వణకలేదు.

మీ వాకిట సగములో నిలిచిన పని యున్నదా? వెళ్లుడి, మాటలాడుడి, లెక్క తీర్చుడి, అవసరమైతే ముగించుడి. గోడ బీట పూడ్చుటకై హృదయములో బీట చేసికొనకుడి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.